దాయాదులు పంచుకున్న కోట

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎల్ట్స్ కోట బొమ్మ చూస్తే ఇళ్లన్నీ ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. నిజానికి అది ఒక్క ఇల్లు కాదు, దాయాదులు ఒకే గుట్ట మీద కట్టుకున్న ఇళ్ల గుంపు. ఆ ఇరుకంతా అందుకే.

ఈ కోట ఉన్నది జర్మనీలో, మోజెల్ నదికి పైనున్న అడవి కొండల్లో. దాదాపు 70 మీటర్ల రాతి గుట్టను మూడు వైపులా ఎల్ట్స్ వాగు చుట్టుకుని పారుతుంది. 1157లో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి ఇచ్చిన ఒక దానపత్రంలో సాక్షిగా ఎల్ట్స్ వంశపు రుడాల్ఫ్ పేరు ఉంది. 1268కి ముందే ఆ వంశంలో ముగ్గురు అన్నదమ్ములు వాటాలు వేసుకున్నారు. ఎవరి ఇల్లు వారిది. వాకిలి, ద్వారం, నడిమి ముంగిలి అందరివీ. హక్కులేమిటో, ఖర్చెవరు పెట్టాలో ఒప్పందాలు రాసుకున్నారు. ఇలాంటి ఉమ్మడి వారసుల కోటను జర్మన్లు గానెర్బెన్‌బుర్గ్ అంటారు.

వంశం పెరిగింది, గుట్ట పెరగలేదు. ఇక మిగిలింది ఆకాశమే. ఎనిమిది టవర్లు 30 నుంచి 40 మీటర్ల దాకా లేచాయి. పునాది రాతి అంచు వెంటే నడిచింది కాబట్టి గదులు వంకరటింకరగా వచ్చాయి. కింది అంతస్తులు మందమైన రాతిగోడలు. పైకి వెళ్లేసరికి చెక్క చట్రం కట్టి, సందులు పూడ్చారు; రాయికంటే తేలిక కాబట్టి కింది గోడ మీద బరువు తగ్గుతుంది. ఈ పద్ధతికి శత్రువు తేమ. కప్పు మీది పలక ఒక్కటి జారినా వాన నీరు దూలం చివరకు, అది గోడలో దిగిన చోటికి చేరుతుంది. అక్కడ గాలి ఆడదు, చెక్క లోపలినుంచి కుళ్లుతుంది. అందుకే కప్పు మరమ్మతు వాయిదా వేయకూడదు.

1472లో పూర్తయిన, రూబెనాఖ్ అనే శాఖ వారి ఇంటి పడకగదిని దగ్గరగా చూడండి. ప్రార్థన కోసం కట్టిన ఒక చిన్న గది, గోడను దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దేవుడి పీఠానికి పైన మనుషులు కాపురం ఉండకూడదని వారి నియమం. గదిని బయటికి నెడితే దాని నెత్తిన కప్పే తప్ప ఇంకో అంతస్తు ఉండదు. ఎంత చక్కటి ఉపాయమో!

1331లో ట్రియర్ నగరపు క్రైస్తవ మతపెద్ద, ఆర్చ్‌బిషప్ బాల్డుయిన్‌తో ఎల్ట్స్ వారి గొడవ ముదిరింది. ఆయన ఎదురు కొండ మీద ట్రుట్సెల్ట్స్ అనే చిన్న కోట కట్టి, అక్కణ్ణుంచి రాతి గుండ్లు విసిరించాడు. చివరికి ఎల్ట్స్ వీరులు లొంగారు. కోట మాత్రం కూలలేదు. 1688లో మొదలైన యుద్ధంలో ఫ్రెంచి సైన్యం చుట్టుపక్కల కోటలెన్నో పడగొట్టింది. ఈ వంశస్థుడొకరు ఆ సైన్యంలోనే పెద్ద అధికారి కావడంతో ఇది బతికింది. 1815 నాటికి వాటాలన్నీ ఒక్క శాఖ చేతికొచ్చాయి. 1920లో కెంపెనిష్ శాఖ వారి ఇంట్లో నిప్పంటుకుంటే మళ్లీ కట్టుకున్నారు. ముప్పై తరాలు దాటినా అదే వంశం.

ఇక అన్నిటికంటే పెద్ద గది, రోడెన్‌డార్ఫ్ శాఖ వారి సభాశాల. దాయాదులు కూర్చుని మాట్లాడుకునేది అక్కడే. గోడల మీద విదూషకుల ముఖాలు చెక్కారు: ఇక్కడ ఎవరైనా మనసులో మాట నిర్భయంగా చెప్పొచ్చని. గుమ్మం మీద ఒక గులాబీ: ఇక్కడి మాట గడప దాటకూడదని.

మీ తాతయ్య