కాలేజీ క్వయర్‌కు విరాళాలు: అపోహలు – వాస్తవాలు

“అందరం నీ అకౌంట్‌లోకి వేసేస్తాం, నువ్వు ఒకేసారి కాలేజీకి పంపెయ్.” బ్రిటన్‌లో ఉన్న మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఈ మాట మొదలైందంటే, ఆక్స్‌ఫర్డ్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో ఒక కాలేజీ క్వయర్‌కు, అంటే అక్కడి చాపెల్ (ప్రార్థనా మందిరం)లో పాడే గాయక బృందానికి, కొన్ని వందల పౌండ్లు తగ్గిపోయినట్టే. ఇచ్చేవాళ్ల మనసులో లోపం లేదు. ఊళ్లో శ్రీరామనవమి చందాలు అలాగే పోగుచేశాం కాబట్టి ఇక్కడా అదే చేతికి వస్తుంది. బ్రిటన్ పన్ను చట్టం దగ్గర మాత్రం ఆ పద్ధతి చెల్లదు. పూర్వ విద్యార్థుల ఆఫీసుల్లో ఏటా విడివిడిగా చెప్పే సంగతే ఇది, ఈసారి లెక్కలతో రాస్తున్నాను.

అపోహ: డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్తే ఏముంది, చేరేది కాలేజీకే కదా!

గిఫ్ట్ ఎయిడ్ పథకం కింద, పన్ను కట్టే వ్యక్తి తన సొంత డబ్బు ఇస్తే, ప్రతి పౌండుకూ కాలేజీ 25 పెన్స్ ప్రభుత్వం నుంచి తెచ్చుకుంటుంది. ఇరవై మంది తలా 50 పౌండ్లు వేస్తే 1,000. ఇరవై మందీ పన్ను కట్టేవాళ్లయి, ఎవరి డిక్లరేషన్ (“నేను పన్ను కడుతున్నాను, గిఫ్ట్ ఎయిడ్ క్లెయిమ్ చేసుకోండి” అనే హామీ) వాళ్లు ఇస్తే కాలేజీకి చేరేది 1,250. అదే వెయ్యి ఒకరి ఖాతాలో పోగై వెళ్తే ఆ 250 రాదు. ఎందుకంటే పంపిన వ్యక్తి తన 50కి తప్ప మిగతా 950కి దాత కాదు. మొత్తానికీ తన పేరున గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్ పెట్టేస్తే ఇంకా చిక్కు. అది తప్పుడు డిక్లరేషన్, ఆ ఏడాది ఆయన కట్టిన పన్ను చాలకపోతే తేడాను ఆయనే పన్ను శాఖకు కట్టాల్సి రావచ్చు. పాపం, అందరి పనీ నెత్తిన వేసుకున్న మనిషికే ఈ భారం.

కలిపి పంపి తీరాలంటే ఒక దారి ఉంది. పరుగు పందేలకు వాడే స్పాన్సర్‌షిప్ ఫారం లాంటి జాబితా కాలేజీ నుంచి అడిగి తీసుకోండి. అందులో ప్రతి ఒక్కరి పూర్తి పేరు, ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్, ఇచ్చిన మొత్తం, తేదీ, గిఫ్ట్ ఎయిడ్ టిక్ ఉండాలి. ఆఫీసు చిరునామా రాస్తే పనికిరాదు. ఎక్కువసార్లు క్లెయిమ్ ఆగేది ఈ ఇంటి నంబరు దగ్గరే. అవతలివాళ్ల టిక్ మీరు పెట్టకండి.

సొంత కంపెనీ ఖాతా నుంచి పంపినా గిఫ్ట్ ఎయిడ్ వర్తించదు. కంపెనీకి కార్పొరేషన్ ట్యాక్స్‌లో మినహాయింపు వస్తుంది, అది వేరే లెక్క. భార్యాభర్తల జాయింట్ అకౌంట్ అయితే ఎవరు ఇస్తున్నారో వాళ్ల పేరుతోనే డిక్లరేషన్ ఉండాలి. కరోల్ సర్వీసు (క్రిస్మస్ పాటల ప్రార్థన) తర్వాతి విందుకు కట్టిన టికెట్ డబ్బు విరాళం కాదు.

“టిక్ పెడితే నా జేబులోంచి ఇంకో పాతిక శాతం పోతుందట” అన్నది వట్టి పుకారు. మీరు అప్పటికే కట్టిన పన్ను నుంచే అది వెళ్తుంది. కాకపోతే ఏప్రిల్ 6 నుంచి తర్వాతి ఏప్రిల్ 5 దాకా మీరు కట్టిన పన్ను, మీ విరాళాలన్నిటి మీద సంస్థలు క్లెయిమ్ చేసే మొత్తానికి తగ్గకూడదు. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి 12,570 పౌండ్ల లోపు సంపాదించే విద్యార్థులు ఆదాయపు పన్ను కట్టరు, కాబట్టి టిక్ పెట్టకూడదు. తెలియక పెట్టేసి కంగారు పడుతుంటే, ఆఫీసుకు రెండు ముక్కలు మెయిల్ రాయండి. డిక్లరేషన్ రద్దు చేసి, క్లెయిమ్ అప్పటికే వెళ్లి ఉంటే తర్వాతి క్లెయిమ్‌లో సర్దుతారు. టిక్ లేని ఐదు పౌండ్లకూ అంతే గౌరవం ఉంది.

పెద్ద జీతాలవాళ్లు వదిలేసుకునేది ఇంకొకటుంది. 40 శాతం పన్ను పరిధిలో ఉన్నవారు 1,000 ఇస్తే కాలేజీకి 1,250 చేరుతుంది, వాళ్లకూ 250 వెనక్కి వస్తుంది. దానికి సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (ఏటా మనమే వేసే పన్ను రిటర్న్‌లో) చూపాలి, లేదా పన్ను శాఖకు చెప్పి ట్యాక్స్ కోడ్ మార్పించుకోవాలి. అడగనిదే రాదు. ఆదాయం లక్ష పౌండ్లు దాటితే ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (పిల్లల సంరక్షణ ఖర్చుకు ప్రభుత్వ సాయం) అర్హత పోతుందని చిన్నపిల్లలున్న మన డాక్టర్లకూ ఐటీ వాళ్లకూ బాగా తెలుసు. గిఫ్ట్ ఎయిడ్ విరాళం ఆ ఆదాయపు లెక్కను తగ్గిస్తుందని తెలిసినవాళ్లు తక్కువ. 1,01,000 ఆదాయం ఉన్నవారు 800 ఇస్తే, గిఫ్ట్ ఎయిడ్‌తో కలిపి 1,000గా లెక్కకొచ్చి, ఆదాయం సరిగ్గా లక్ష దగ్గర ఆగుతుంది.

ఇంతకీ గిఫ్ట్ ఎయిడ్‌గా కాలేజీకి అదనంగా వచ్చే ఆ 250 పౌండ్లతో క్వయర్‌కు ఏమొస్తుంది? అక్టోబరులో మైఖేల్‌మస్ టర్మ్ (విద్యా సంవత్సరంలో మొదటిది) మొదలవగానే కావలసింది స్వరపత్రాలు. 1623లో పోయిన ఇంగ్లిష్ స్వరకర్త విలియం బర్డ్ రచనలు కాపీరైట్ లేకుండా దొరుకుతాయి. 1983లో పోయిన మరో స్వరకర్త హెర్బర్ట్ హావెల్స్ రచనలకు కొత్త ప్రతులు కొనాల్సిందే, ఫొటోకాపీ చట్టవిరుద్ధం. ఒక్కో ప్రతి మూడు నాలుగు పౌండ్లనుకుంటే, ముప్పై మంది పాడే క్వయర్‌కు ఒక్క కీర్తనకే వంద అవుతుంది. వారానికి రెండు మూడు ఈవెన్‌సాంగ్‌లు (పాటలతో సాగే సాయంకాల ప్రార్థనలు) ఉన్న చోట ఇలాంటివి ఎన్ని కావాలో లెక్కేసుకోండి. టర్మ్ ఎనిమిది వారాలే, డిసెంబరు మొదట్లోనే పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు కాబట్టి కరోల్ సర్వీసులు చాలా కాలేజీల్లో నవంబరు చివరి నుంచే మొదలవుతాయి. ఆ తర్వాత లెంట్ (ఈస్టర్‌కు ముందటి ఉపవాస దినాల) సంగీతం, మే 1 ఉదయం ఆరింటికి ఆక్స్‌ఫర్డ్ మాడ్లెన్ కాలేజీ గోపురం మీద పాట, జూన్‌లో పూర్వ విద్యార్థుల కచేరీలు, జులైలో క్వయర్ కచేరీల టూరు. టూరుకు ఇస్తామనేవాళ్లు దొరుకుతారు. స్వరపత్రాలకు ఇస్తామనేవాళ్లు అరుదు.

చాపెల్‌లో గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పెద్ద వాద్యం, ఆర్గాన్ సంగతీ అంతే. కొత్తది కొనడానికి ముందుకొచ్చినంతగా ఉన్నదాన్ని శ్రుతి చేయించడానికి రారు. ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీ 2013లో అమెరికాలోని డాబ్సన్ వర్క్‌షాప్ నుంచి కొత్త ఆర్గాన్ తెచ్చుకుంది, అలాంటి వార్త అందరికీ చేరుతుంది. రోజువారీ అవసరం వేరు. చాపెల్‌లో వేడి పెరిగితే ఫ్లూ గొట్టాల (వేణువులా మోగేవాటి) శ్రుతి ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు మూడు సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) చొప్పున పైకి పోతుంది. రీడ్ గొట్టాలు (లోహపు నాలుక కంపించి మోగేవి) అంతగా కదలవు. రెండూ కలిపి వాయిస్తే అపశ్రుతి. అందుకే కచేరీకి కొన్ని గంటల ముందే హీటింగ్ వేసి, శ్రుతి చేసినప్పటి ఉష్ణోగ్రతకు చాపెల్‌ను తేవాలి. ఏడాదికి కొన్నిసార్లు ట్యూనర్లు ఇద్దరు రావాలి, ఒకరు మీటల దగ్గర, ఒకరు లోపల గొట్టాల మధ్య. ఇరవై ముప్పై ఏళ్లకోసారి తోలు భాగాలు మార్చి మొత్తం విప్పి శుభ్రం చేయాలి. ఆ ఖర్చుకు ముందునుంచీ నిధి లేకపోతే ఆర్గాన్ మూగబోతుంది.

అపోహ: కాలేజీకి కోట్లున్నాయి, మన పది పౌండ్లు ఎందుకు?

మన గుళ్లో శాశ్వత పూజకు కట్టిన డబ్బులాంటిదే ఆ కోట్ల ఎండోమెంట్ (కాలేజీ మూలనిధి). అసలు కదపరు, రాబడిలోంచే పూజ. చాలాచోట్ల ఏటా ఖర్చుకు తీసేది మూడు నాలుగు శాతం. అందులోనూ పెద్ద భాగం దాత రాసిన పనికే కట్టుబడి ఉంటుంది. భవనానికి రాసిన డబ్బుతో పాట నేర్పించలేరు. మూడున్నర శాతం లెక్కన క్వయర్‌లో పాడే విద్యార్థికి ఏటా 500 పౌండ్ల కోరల్ స్కాలర్‌షిప్ శాశ్వతంగా నిలబడాలంటే సుమారు 14,300 కావాలి. ఐదు వేలు ఇచ్చి “మా నాన్నగారి పేరుతో స్కాలర్‌షిప్ ఎందుకు పెట్టలేదు” అని బాధపడేవారికి సమాధానం ఇదే. ఐదు వేల మీద ఏటా వచ్చేది 175. అంతకన్నా మంచి పని ఒకటుంది. 1,500 ఇచ్చి, “మూడేళ్లలో ఖర్చు చేసేయండి” అని రాయండి. ఒక విద్యార్థి డిగ్రీ మొత్తానికీ ఏటా 500 అందుతుంది.

షరతు రాసేటప్పుడు మరీ బిగించకండి. “ఇటలీ టూరుకు మాత్రమే” అని రాస్తే, టూరు ఇటలీకి వెళ్లని ఏడాది ఆ డబ్బు ముట్టుకోలేరు. షరతు మార్చడం చట్టపరంగా పెద్ద తతంగం. “ముందు క్వయర్‌కు, అక్కడ అవసరం లేకపోతే కాలేజీలో సంగీతానికి” అని రాస్తే చాలు.

మిగతావి క్లుప్తంగా. కోరల్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు మొత్తం పోతుందని తల్లిదండ్రులు ఆశపడొద్దు. అది సాధారణంగా ఏడాదికి కొన్ని వందల పౌండ్లు, దానితోపాటు గాత్ర పాఠాలు. విదేశీ విద్యార్థి ఫీజు ఏటా 30 వేల పౌండ్లు దాటుతుంది. చదువుకు ఎంపిక విడిగానే జరుగుతుంది. చాలా క్వయర్లు మతం అడగవు, ప్రార్థనలో పాడటానికి సమ్మతి ఉంటే చాలు. కర్ణాటక సంగీతం నేర్చినవారికి శ్రుతి నిలకడ పెద్ద ఆస్తి. తడబడేది స్టాఫ్ నోటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి) చూస్తూనే పాడటం దగ్గర, దానికి రోజూ కొంచెం చొప్పున ఏడాది సాధన పెట్టుకోండి. యూనివర్సిటీకి ఇస్తే కాలేజీకి ఇచ్చినట్టు కాదు, కాలేజీలు వేరే ధార్మిక సంస్థలు. విరాళం అడుగుతూ కాలేజీ తరఫున ఫోన్ చేసే విద్యార్థులకు ఇచ్చేది గంటల లెక్కన జీతం, కమిషన్ కాదు. అయినా కార్డు నంబరు చెప్పడానికి భయంగా ఉంటే ఫోన్ పెట్టేసి, కాలేజీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే చేయండి. ఎవరూ తప్పుపట్టరు.

అమెరికాలో ఉన్నవారు నేరుగా పౌండ్లు పంపకుండా అమెరికన్స్ ఫర్ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇన్ అమెరికా ద్వారా ఇవ్వండి. అవి అక్కడి పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ మ్యాచింగ్ (మీ విరాళానికి కంపెనీ జతచేసే మొత్తం) కూడా అక్కడే అడగొచ్చు. ఇండియా నుంచి ఇచ్చేవారికి 80జీ పన్ను మినహాయింపు రాదు.

ఇప్పటికే డిక్లరేషన్ లేకుండా ఇచ్చినవారూ వదిలేయక్కర్లేదు. గత నాలుగేళ్ల విరాళాలకు ఇప్పుడు డిక్లరేషన్ ఇచ్చినా కాలేజీ క్లెయిమ్ చేసుకోగలదు. ఇకముందు బ్యాంకు ద్వారా పంపేటప్పుడు రిఫరెన్స్ గడిలో “డొనేషన్” అని కాకుండా, మీ ఇంటిపేరు, కాలేజీలో చేరిన సంవత్సరం, “క్వయర్” అన్న మాట రాయండి. అదే రోజు ఆఫీసుకు మొత్తం, తేదీ చెబుతూ ఒక మెయిల్ పెట్టండి.