నల్లగొండ ఫ్లోరిన్ నీళ్లు: పటిక బకెట్ నుంచి బ్యాలెట్ పుస్తకం దాకా

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఓటరు చేతిలో పెట్టిన బ్యాలెట్ కాగితం ఒక పుస్తకం. బరిలో ఉన్నది 480 మంది మరి. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై జనం ఎముకలు వంగిపోతున్న ఫ్లోరిన్ ఊళ్లకు కృష్ణా నీళ్లు ఇవ్వాలంటూ జలసాధన సమితి ఇచ్చిన పిలుపుతో మూకుమ్మడిగా పడ్డ నామినేషన్లవి. సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. ఢిల్లీ ఆఘమేఘాల మీద కదిలి ఆగస్టుకల్లా ఎన్నికల చట్టం మార్చింది. జనరల్ అభ్యర్థికి లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది, స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులు తప్పనిసరి అయ్యారు. నల్లగొండ పల్లెలకు నల్లా నీళ్లు రావడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, ఎవరికీ తెలియక ముదిరింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఇది ఉందని 1937లోనే వైద్యులు రాశారు. 1945 నాటికి నిజాం రాజ్యంలోనూ నమోదైంది. కారణం కాళ్ల కింది రాయే. నల్లగొండ గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. బైకార్బనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీరు ఆ రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే నీరు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణం. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఇంతకు మించిన నీళ్లు తాగుతూ పెరిగితే పళ్ల మీద గార కడుతుంది, ఎంత తోమినా పోదు. ఏళ్ల తరబడి తాగితే వెన్ను, మెడ, కీళ్లు బిగుసుకుపోతాయి. వంగిన ఎముకను మళ్లీ సరిచేసే మందు లేదు.

1970ల్లో ప్రభుత్వం ఊరూరా చేతి బోరింగులు దింపింది. అప్పటి భయం కలరా, నారికురుపు. మూత లేని బావి కంటే బోరు నీరు మేలన్న మాట క్రిముల వరకు నిజమే. కానీ లోతుకు పోయినకొద్దీ రాతి నీరు తగులుతుంది. బోరింగుల లెక్క చూపించడం తేలిక, ఒక్కో బోరు నీటిని పరీక్షించడం కష్టం. లెక్కే గెలిచింది.

ఆ దశకం నడుమే నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నల్లగొండ పద్ధతి'ని తయారుచేసింది. జబ్బుతో పాటు మందుకూ జిల్లా పేరే పడింది. కావలసింది 40 లీటర్ల బకెట్, దాని అడుగుకు 3 నుంచి 5 సెంటీమీటర్ల పైన ఒక కుళాయి. ముందు సున్నం, బ్లీచింగ్ పౌడరు, ఆ తర్వాత పటిక ద్రావణం వేయాలి. పది నిమిషాలు బాగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీటిని కుళాయితో పట్టుకోవాలి. ఫ్లోరైడ్ 2, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 200 మిల్లీగ్రాములున్న నీటికి లీటరుకు దాదాపు 220 మిల్లీగ్రాముల పటిక పడుతుంది. అంటే బకెట్‌కు 9 గ్రాములు, సున్నం అందులో ఇరవయ్యో వంతు.

కాగితం మీద చవకే. చిక్కు ఈ కొలతలోనే ఉంది. ఒక బోరుకు సరిపోయిన పటిక పక్క బోరుకు సరిపోదు, ఎండాకాలం నీటికి వానాకాలం కొలత పనికిరాదు. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది. క్షారత చాలని నీటిలో ఎక్కువైతే నీరు ఆమ్లంగా మారి అల్యూమినియం మిగులుతుంది. మడ్డిని చేదబావి పక్కనే పారబోస్తే తీసిన ఫ్లోరైడ్ మళ్లీ నేలలోకే. పైగా రోజూ ఈ చాకిరీ చేయాల్సింది పొద్దున్నే కూలికి పోవాల్సిన ఆడవాళ్లు. మానేస్తే 'అవగాహన లేదు' అన్న నింద వాళ్ల మీదే. ఆరోగ్య ప్రచారం చాలాకాలం ఈ బకెట్ చుట్టూనే తిరిగింది. కాచి తాగమన్న సలహా ఇంకా హాని, ఎందుకంటే కాస్తే నీరు ఇగిరి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

మరి కృష్ణ పక్కనే ఉంది కదా? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ పల్లం చూసుకుని మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా ఖమ్మం వైపు పోయింది. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ మెట్ట మీద ఉన్నాయి, ఆ కాల్వ వాటికి అందదు. అక్కడికి నీళ్లు రావాలంటే ఎత్తిపోయాలి, లేదా శ్రీశైలం నుంచి కొండను తొలిచి తేవాలి. రెండింటికీ డబ్బు కావాలి, డబ్బుకు ఓట్ల బలం కావాలి.

చివరికి సాగర్ వెనుక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోశారు. అయితే అక్కంపల్లి నుంచే, 2004లో మొదలైన పథకం కింద, హైదరాబాద్‌కు తాగునీరు వెళ్లింది. ఆ పైపులైను కోదండాపూర్‌లో నీటిని శుద్ధి చేసుకుని, నసర్లపల్లి, గొడకొండ్ల పంపుల మీదుగా ఫ్లోరిన్ మండలాల నడుమ నుంచే పోతుంది. అదే ఏడాది వచ్చిన వ్యవసాయ ఉచిత కరెంటు రైతుకు ఊరటే. కానీ మోటారు ఖర్చు తగ్గాక బోర్లు ఇంకా లోతుకు దిగడానికి అడ్డేముంది? ఇది ఆరోగ్యానికి సంబంధించిన నిర్ణయమని అప్పుడు ఎవరూ అనుకోలేదు. ఆరోగ్య శాఖ రోగులను లెక్కపెట్టింది, నీళ్లు వేరే శాఖ చేతిలో ఉన్నాయి.

తెలంగాణ ఉద్యమంలో ఫ్లోరిన్ కాళ్లు, గూని వీపులు ఫొటోలుగా ఊరూరా తిరిగాయి. రాష్ట్రం వచ్చాక, 2015 జూన్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను ఈ ఫ్లోరిన్ ప్రాంతంలోని చౌటుప్పల్‌లో పెట్టడం కాకతాళీయం కాదు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్ల నది నీరు లక్ష్యం. 2020కి తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అని కేంద్రం లెక్క చెప్పింది. కొత్తగా పుట్టిన పిల్లల వరకు ఇది పెద్ద మార్పు. అయితే ఆ సున్నా సరఫరాకు సంబంధించినది. పైపు పగిలి నాలుగు రోజులు నల్లా ఆగితే ఇల్లు మళ్లీ బోరు వైపే నడుస్తుంది. పంట బోర్లు ఎప్పటిలాగే పారుతున్నాయి.

శ్రీశైలం నుంచి పంపులు లేకుండా నీళ్లు తెచ్చే దాదాపు 44 కిలోమీటర్ల ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ) సొరంగానికి 2005లో ఒప్పందం కుదిరింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు.