కల్చర్‌లో ‘ఏమీ పెరగలేదు’ అంటే నెమ్ము లేదనా?

“ఏమీ పెరగలేదట మేడమ్, అంటే నెమ్ము లేనట్టేగా?” మా మైక్రోబయాలజీ ల్యాబ్ కిటికీ దగ్గర రోజూ వినే మాట. కల్చర్ అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి చూడటం. లేనట్టు కాదు. మీరిచ్చిన శాంపిల్‌లో మాకు దొరకలేదు, అంతే.

దొరకకపోవడానికి కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ రెండు రోజులు పట్టి, తగ్గకపోతే పరీక్షకు వస్తారు. హీమోఫిలస్ లాంటి సున్నితమైన బ్యాక్టీరియా ఆ కాస్త మందుకే ప్లేటు మీద పెరగనని మొండికేస్తుంది. ఛాతీలో మాత్రం పూర్తిగా చావదు. రిపోర్టు చూసి ఊరుకుంటారు, నెల తిరక్కుండా మళ్లీ అదే తడి దగ్గు. బిడ్డ ఎగశ్వాస తీస్తుంటే పరీక్ష కోసం మందు ఆపమని నేననను. ఏ మందు, ఎప్పుడు పట్టారో దాచకుండా చెప్పండి చాలు.

మొన్న వేసవిలో ఒకాయన అయిదేళ్ల కూతురి కఫం తెచ్చారు. ముందురోజు సాయంత్రం పట్టిన డబ్బా, రాత్రంతా సంచిలోనే ఉంది. వంచితే నీళ్లలా జారింది, పైన నురగ. స్లయిడు నిండా బుగ్గ లోపలి కణాలే, చీము కణం ఒక్కటీ లేదు. అది ఉమ్మి. కల్చర్ పెట్టలేమని తిప్పి పంపుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన తప్పేముంది? ఆ వయసు పిల్లలు కఫం ఉమ్మరు, మింగేస్తారు. అందుకే ఉప్పునీటి నెబ్యులైజర్ పెట్టి తీస్తారు. టీబీ అనుమానముంటే, మింగేసిన కఫాన్ని పరగడుపున ముక్కు గొట్టంతో కడుపులోంచి తీస్తారు. గొట్టమంటే తల్లులకు భయం, సహజమే. గొట్టంతో ఊపిరితిత్తులు పాడవుతాయని వాట్సాప్‌లో తిప్పేవాళ్లంటేనే నాకు ఒళ్లు మంట.

మిగతావి గబగబా. హీమోఫిలస్ ఇన్‌ఫ్లూయెంజే ఫ్లూ కాదు. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూకు ఈ బ్యాక్టీరియానే కారణమని పొరబడ్డాడు, అసలు ఫ్లూ వైరస్ 1933లో దొరికింది, పేరు అలాగే మిగిలింది. పిల్లలకు వేసే హిబ్ టీకా ఈ బ్యాక్టీరియాలో బి రకానికే. నెలల తరబడి దగ్గించేవి ఎక్కువగా టీకాకు అందని రకాలు. మామూలు కల్చర్‌లో టీబీ పెరగదు, దాని కల్చర్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా ఆగాలి. హీమోఫిలస్‌ను పెంచే ప్లేటులో వేసే చాక్లెట్ అగర్‌లో చాక్లెట్ ఉండదు, వేడి చేసిన రక్తం ఉంటుంది (దీన్నీ అడిగారు).

ఆ అయిదేళ్ల పాపకూ ఇంట్లో యాంటీబయాటిక్ సిరప్ పడుతున్నారు. డాక్టర్ దాన్ని ఆపించిన పది రోజులకు నెబ్యులైజర్ పెట్టి కఫం తీశారు. ఈసారి చిక్కగా, పచ్చగా ఉంది. మర్నాడు చాక్లెట్ అగర్ మీద బూడిద రంగులో చిన్న చిన్న చుక్కలు. ఫోను చేసి “పెరిగింది” అన్నాను. “హమ్మయ్య” అన్నారాయన.