మ్యాక్‌లో తెలుగు కుదురుకునేదాకా: ఓపెన్ ఆఫీస్ వెనక కథ

ఫైలు శ్రీకాకుళంలో విండోస్ ల్యాప్‌టాప్ మీద తయారవుతుంది. విజయనగరంలో ప్రూఫులు చూసే మాస్టారి దగ్గర, కొడుకు బెంగళూరు నుంచి తెచ్చిచ్చిన పాత మ్యాక్ ఉంటుంది. రెండింట్లోనూ ఓపెన్ ఆఫీస్ నుంచి పుట్టిన లిబ్రే ఆఫీసే, డబ్బు కట్టకుండా పత్రాలు రాసుకునే సాఫ్ట్‌వేర్, కానీ మ్యాక్‌లో ఉన్నది ఏళ్లనాటి వెర్షన్. తెరవగానే పంక్తులు కిందికి జారతాయి, పేజీలు పెరుగుతాయి, అక్కడక్కడా వత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటాయి. గంటస్తంభం దగ్గర డీటీపీ చేసే కుర్రాళ్లు ఈ గొడవ పడలేక పీడీఎఫ్ చేసి తెమ్మంటారు. ఉచితంగా వచ్చేదానికి అంతేలే అని ఎవరైనా తేల్చేస్తే నాకు కష్టంగా ఉంటుంది. చిన్న పత్రికలు, గ్రంథాలయ మిత్రులు కొనలేని చోట ఆదుకున్న సాఫ్ట్‌వేర్ ఇది. పైగా ఆ ఇబ్బందికీ దాని ధరకూ సంబంధం లేదు. అసలు కారణం తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఓపెన్ ఆఫీస్ పుట్టిల్లు జర్మనీ. మార్కో బోరీస్ 1985లో పెట్టిన స్టార్ డివిజన్ అనే కంపెనీ దీన్ని స్టార్ ఆఫీస్ పేరుతో అమ్మేది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొని, 2000 అక్టోబరు 13న సోర్స్ కోడ్‌ను ఓపెన్ ఆఫీస్ పేరుతో అందరికీ తెరిచిపెట్టింది. 2002లో ఓపెన్ ఆఫీస్ 1.0 విండోస్, లినక్స్ వాళ్లకూ, సన్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ వాళ్లకూ అందింది. మ్యాక్ వాళ్లు మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోయారు.

యాపిల్ 2001 మార్చిలోనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్ ఓఎస్ టెన్‌ను తెచ్చింది. లోపలి యంత్రాంగం యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ వంశానిది, పైకి కనిపించే ఆక్వా రూపం మాత్రం యాపిల్ సొంతం. ఓపెన్ ఆఫీస్‌లో కిటికీలు, మెనూలు, బటన్లు గీసే పనంతా వీసీఎల్ అనే పొర చూసుకుంటుంది. కొత్త చోటికి తీసుకెళ్లాలంటే ఆ పొర అడుగుభాగాన్ని అక్కడి పద్ధతికి తగ్గట్టు తిరగరాయాలి. కోడ్ చూస్తే కొండంత, పనిచేసే చేతులు చూస్తే కొన్నే. అందుకని దగ్గరి దారి పట్టారు. యూనిక్స్ యంత్రాల్లో తెర మీద కిటికీలు చూపించడానికి వాడే ఎక్స్11‌ను మ్యాక్‌లో పెట్టి దాని మీద నడిపించారు. 2003లో ఆ వెర్షన్ విడుదలైంది.

నడవడమైతే నడిచింది. కానీ రాసుకునేవాడికి అడుగడుగునా పరాయితనమే. ముందు ఎక్స్11 తెరుచుకోవాలి, తర్వాత ఓపెన్ ఆఫీస్. మ్యాక్‌లో మెనూ ఎప్పుడూ తెర పైఅంచున ఉంటుంది, ఇక్కడ కిటికీ లోపల ఉండేది. కాపీకి కమాండ్ మీటకు అలవాటు పడ్డ వేలు కంట్రోల్ మీటను వెతుక్కోవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, మ్యాక్ అందించే భాషల ఇన్‌పుట్ పద్ధతులు ఆ కిటికీలోకి వచ్చేవి కావు. ఇంగ్లిషు రాసేవాళ్లకు అది చికాకు. లిపి వేరైన వాళ్లకు తలుపు మూసినట్టే.

ఆ తలుపు ముందుగా తెరిచింది పెద్ద కంపెనీ కాదు. పాట్రిక్ లూబీ, ఎడ్ పీటర్లిన్ అనే ఇద్దరు నియో ఆఫీస్ పేరుతో వేరే ప్రయత్నం మొదలుపెట్టారు. ఎక్స్11‌ను పక్కనపెట్టి, మ్యాక్‌లో అప్పటికే ఉన్న జావా సాయంతో కిటికీలు గీయించారు. 2005లో వచ్చిన 1.1తో మెనూ పైకెక్కింది, మ్యాక్ ఫాంట్లు కనబడ్డాయి, ప్రింటింగ్ దారిలో పడింది. బరువుగా నడిచేది, నిజమే. అయినా ఆ రోజుల్లో మ్యాక్ వాళ్లకు దిక్కైంది అదే, వాళ్ల శ్రమకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. కోడ్‌ను ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సుల్లో వాళ్లది జీపీఎల్, ఓపెన్ ఆఫీస్‌ది ఎల్‌జీపీఎల్. దాంతో నియో ఆఫీస్ కోడ్ ఓపెన్ ఆఫీస్‌కు తిరిగి చేరలేదు, ఒకే పని రెండుచోట్ల జరిగింది.

ఓపెన్ ఆఫీస్‌లోనూ స్వచ్ఛంద కార్యకర్తలు ఆక్వా రూపం మీద కూర్చున్నారు. 2007లో సన్ తన ఇంజినీర్లను కూడా ఆ పనికి కేటాయించింది. 2008 అక్టోబరు 13న, కోడ్ తెరిచిన సరిగ్గా ఎనిమిదేళ్లకు, 3.0 విడుదలైంది. ఎక్స్11 అక్కర్లేకుండా మ్యాక్‌లో నేటివ్‌గా (అంటే మ్యాక్ సొంత పద్ధతిలోనే) నడిచిన తొలి ఓపెన్ ఆఫీస్ అదే.

చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడ ఆగిపోతారు. మనకు కథ ఇంకా సగమే. శ్రీకాకుళం పేరులో మొదటి అక్షరాన్నే చూడండి. కంప్యూటర్ దాచుకునేది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఈ వరుసలో నాలుగు సంకేతాలు. తెర మీద మాత్రం గుడిదీర్ఘం వెనక్కి వెళ్లి శ తల మీద కూర్చోవాలి, ర వత్తుగా మారి ఒదగాలి. ఈ కూర్పు చేసే భాగం తప్పితే శ్రీ ముక్కలైపోతుంది. నేటివ్‌గా మారడమంటే ఆ పనిని యాపిల్ యంత్రాంగానికే వదిలెయ్యడం. పోతన, వేమన లాంటి తెలుగు ఫాంట్లేమో, అక్షరాలు కలిసే తీరును ఫాంటులోనే రాసిపెట్టే ఓపెన్‌టైప్ నియమాలతో తయారయ్యాయి, యాపిల్ తొలినాళ్లలో నమ్ముకున్నది ఏఏటీ అనే తన సొంత పద్ధతిని. తర్వాత యాపిల్ తెలుగు ఫాంట్లు చేర్చింది, పరిస్థితి మెరుగైంది. అయినా విండోస్‌లో ఒక యంత్రాంగం, మ్యాక్‌లో ఇంకొకటి, లినక్స్‌లో మరొకటి కూర్పు చేస్తుంటే ఒకే ఫైలు మూడు రకాలుగా పరుచుకోక ఏంచేస్తుంది?

2010లో ఒరాకిల్ అనే కంపెనీ సన్‌ను కొన్నాక, ఆ ఏడాది సెప్టెంబరులో ఓపెన్ ఆఫీస్ మీద పనిచేసేవాళ్లలో చాలామంది విడిపోయి డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను, లిబ్రే ఆఫీస్‌ను మొదలుపెట్టారు. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 వెర్షన్‌లో అన్ని వేదికల మీదా అక్షరాల కూర్పును హార్ఫ్‌బజ్ అనే ఒకే ఓపెన్ సోర్స్ యంత్రానికి అప్పగించారు. నా దృష్టిలో తెలుగువాళ్లకు మ్యాక్ పోర్ట్, అంటే మ్యాక్ మీదికి తెచ్చే పని, పూర్తయింది ఆ రోజునే. కిటికీలు, మెనూలు యాపిల్ పద్ధతిలో ఉన్నా, లిపి విషయంలో మాత్రం యాపిల్ మీద ఆధారపడటం మానేశాకే మనకు మేలు జరిగింది. యాపిల్ సొంత ఎం1 చిప్ వచ్చాక 2021లో 7.2తో దానికీ నేటివ్ రూపం మొదలైంది.

కాబట్టి మాస్టారి మ్యాక్‌లో చేయాల్సింది 5.3కు ముందటి వెర్షన్ తీసేసి, ఆ యంత్రం మోయగలిగినంత కొత్తది వేసుకోవడం. రెండో పని, రెండుచోట్లా ఒకే ఫాంటు పెట్టుకోవడం. ఫాంటు మారితే ఏ యంత్రాంగమైనా పంక్తుల్ని నిలబెట్టలేదు. మన జిల్లాల పెద్దల పేర్లతోనే గిడుగు, గురజాడ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. డీటీపీ వాళ్లు వాడే ‘అను’ ఫాంట్లలో చేసిన పాత సావనీర్ల సంగతి వేరు. వాటిలో తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే యూనికోడ్ సంకేతాలతో లేవు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాక్కుని ఉన్నాయి. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చి, మారిన ప్రతి పేజీనీ అసలు ప్రతితో పక్కపక్కన పెట్టి చదివించాలి.