పోక్సో: "ముందు స్కూల్లోనే తేల్చుకుందాం" అనుకుంటే పోయేవేంటి?

తమపై లైంగిక వేధింపులు జరిగాయని పిల్లలు చెప్పినప్పుడు బెంగళూరులోని తెలుగు కుటుంబాలు మళ్లీ మళ్లీ అనే మాట ఇది: "పాప ఏదో చెబుతోంది. ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాం, నిజమని తేలితే అప్పుడు పోలీసుల దగ్గరికి పోతాం." మారతహళ్లిలో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లూ ఇదే అంటారు, అనంతపురం నుంచి వచ్చి బొమ్మనహళ్లిలో సెంట్రింగ్ పని చేసుకునేవాళ్లూ ఇదే అంటారు. బిడ్డ పరువు, చదువు ఏమైపోతాయో అన్న భయం అది. ఆ భయానికి ఎవరినీ తప్పుపట్టలేం. కానీ పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే.

అపోహ: స్కూల్ విచారణ అయ్యాకే ఫిర్యాదు చేయాలి.

వాస్తవం: నేరం జరిగిందో లేదో తేల్చే అధికారం స్కూల్‌కు లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్దే దాస్తే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ ఉండదు.

"కమిటీ వేశాం, 10 రోజులు ఆగండి" అంటారు. ఆ 10 రోజుల్లో బట్టలు ఉతికేస్తారు. హార్డ్ డిస్క్ నిండితే సీసీటీవీలో పాత ఫుటేజ్ చెరిగిపోయి దాని మీదే కొత్తది రికార్డవుతుంది. ఒంటి మీది నమూనాలు సాధారణంగా 96 గంటల లోపు తీస్తేనే పనికొస్తాయి. ఈలోగా క్లాస్ టీచర్, కోఆర్డినేటర్, ప్రిన్సిపాల్, మేనేజ్‌మెంట్ వరసగా బిడ్డను అడుగుతారు. పెద్దవాళ్లు అడిగిందే అడుగుతుంటే తను చెప్పింది తప్పేమో అనుకుని బిడ్డ మాట మారుస్తుంది. కోర్టులో డిఫెన్స్ లాయర్ పట్టుకునేది ఆ తేడానే. కొన్ని చోట్ల నిందితుడిని పిలిపించి బిడ్డ ఎదురుగా నిలబెట్టి అడుగుతారు. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు బిడ్డ కంటపడకూడదని చట్టం కోర్టుకే నిబంధన పెట్టింది. ప్రిన్సిపాల్ గదిలో అలా నిలబెట్టడం బిడ్డను ఇంకోసారి హింసించడమే.

బిడ్డ చెప్పిన సాయంత్రమే చేయాల్సినవి ఇవి. "తర్వాత ఏమైందమ్మా?" అని మాత్రమే అడగండి. "అక్కడ ముట్టుకున్నాడా?" అని మీరు మాట అందించకండి. బిడ్డ ఏమంటే అదే, తెలుగులోనే, తేదీ, టైమ్ వేసి రాసిపెట్టండి. "వ్యాన్ అంకుల్ రోజూ ఒళ్లో కూచోబెట్టుకుంటాడు" అంటే అలాగే రాయండి, "లైంగికంగా వేధించాడు" అని మార్చకండి. ఇప్పుడే జరిగిన విషయమైతే స్నానం చేయించకండి. విప్పిన బట్టలు ఒక్కోటి ఒక్కో కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి బూజొస్తుంది. 112కి (పోలీసు, అత్యవసర సాయం) గానీ 1098కి (పిల్లల హెల్ప్‌లైన్) గానీ ఫోన్ చేయండి. ఎఫ్ఐఆర్ తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ, ప్రైవేటుదైనా సరే, అత్యవసర వైద్యం ఆపకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, పక్కన మీరు ఉండొచ్చు. పోలీసులకు చెప్పాక, ఏ కెమెరా, ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు అని రాసి, ఆ ఫుటేజ్ చెరిపేయొద్దని స్కూల్‌కు మెయిల్ పెట్టండి. దాని కాపీ పోలీసులకివ్వండి.

అపోహ: కన్నడ రాదు, పైగా బిడ్డను స్టేషన్లో కూచోబెడతారు.

వాస్తవం: బిడ్డ వాంగ్మూలం మీ ఇంట్లోనే తీసుకోవచ్చు. వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు ఎస్ఐ హోదాకు తగ్గని మహిళ అయి ఉండాలి. ఏ కారణం చెప్పినా రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచడానికి లేదు. భాష రాకపోతే అనువాదకుడిని ఏర్పాటు చేయడం పోలీసుల బాధ్యత, కాబట్టి తెలుగు మనిషి కావాలని గట్టిగా అడగండి. తెలుగులో చదివి వినిపించనిదే సంతకం పెట్టకండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా రాసేది) రాయమనండి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. కేసు నడిచినంతకాలం తోడుండే సహాయక వ్యక్తిని ఆ సమితి నియమించగలదు.

మాటలు సరిగా రాని పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో "వాడు చెప్పేది కోర్టులో నిలవదు" అంటారు. అది అబద్ధం. స్పెషల్ ఎడ్యుకేటర్ సాయంతో గానీ, ఆ బిడ్డ సైగలు తెలిసినవాళ్ల సాయంతో గానీ వాంగ్మూలం తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. అమ్మకు మాత్రమే అర్థమయ్యే సైగ అయినా అది సాక్ష్యమే.

మిగతావి క్లుప్తంగా. ఈ చట్టం అబ్బాయిలకు వర్తించదనేది తప్పు, 18 ఏళ్లు నిండని అందరికీ వర్తిస్తుంది. రుజువు కాకపోతే బిడ్డ మీద కేసు పెడతారన్నదీ తప్పే, తప్పుడు ఫిర్యాదు చేసినా పిల్లలకు శిక్ష లేదు. నెలలు గడిచినా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బిడ్డ పేరు, ఫోటో, స్కూల్ పేరు, ఉండే ఏరియా, ఏదీ మీడియాలో రాకూడదు. చాలాసార్లు ఇవి బయటపడేది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోంచే, అందుకే అక్కడ ఒక్క ముక్క కూడా వేయకండి.

చివరికి స్కూల్ వాళ్లు "టీసీ తీసుకోండి, అందరికీ మంచిది" అంటారు. బిడ్డ అదే బడికి వెళ్తానంటే టీసీకి దరఖాస్తు రాసివ్వకండి. నిందితుడిని ఆవరణలోకీ వ్యాన్‌లోకీ రానివ్వబోమని స్కూల్ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే బిడ్డను పంపండి.