ఖలీ మనోడే, కానీ విలన్

ఒంగోలు, కావలి కుర్రాళ్లు అమెరికా కుస్తీ షో డబ్ల్యూడబ్ల్యూఈ చూసింది కేబుల్‌లో, 2002 నుంచి టెన్ స్పోర్ట్స్‌లో. రెజ్లర్ అండర్‌టేకర్ బొమ్మున్న కార్డులతో ఆడుకున్న ఆ తరమే ఇప్పుడు పిల్లలతో కలిసి నెట్‌ఫ్లిక్స్‌లో చూస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో ప్రసారం అక్కడికి మారింది. ఇండియాలో ఇంత గిరాకీ ఉన్న షోలో ఇండియన్‌ని ఎప్పుడూ విలన్‌గానో, వింత మనిషిగానో ఎందుకు చూపించారన్నది పాత ప్రశ్న.

ఫలితం ముందే రాసుకునే ఆట ఇది. కాబట్టి జనం ఎవర్ని తిట్టాలో కూడా ముందే రాసుకోవాలి. అమెరికా ప్రేక్షకుల ముందు ఆ పనికి విదేశీయుడు తేలిగ్గా దొరుకుతాడు. అతను నిజంగా ఆ దేశంవాడు కానక్కర్లేదు. తొంభైల్లో జపాన్ సుమో వీరుడిగా దిగిన యోకోజునాది సమోవన్ కుటుంబం. 2004లో అరబ్ అమెరికన్‌గా వచ్చిన మహమ్మద్ హసన్ వేషం కట్టింది ఇటాలియన్ మూలాలున్న మార్క్ కొపానీ. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత తనలాంటి వాళ్లను అందరూ అనుమానంగా చూస్తున్నారన్నది హసన్ గోడు. అందులో తప్పేముంది? అయినా ఆ మాట అన్నవాడే విలన్. 2005 జులైలో అతని మనుషులు ముసుగులేసుకుని అండర్‌టేకర్ మీద పడిన ఎపిసోడ్ లండన్ పేలుళ్ల రోజే ప్రసారమైంది. గోల ముదిరి ఆ పాత్రనే ఎత్తేశారు.

హసన్ పక్కన తిరిగిన దైవారీయే 2006 ఏప్రిల్‌లో గ్రేట్ ఖలీని వెంటబెట్టుకొచ్చాడు. ఇరానీ మూలాలున్న అమెరికన్ వచ్చి హిమాచల్ మనిషి తరఫున మాట్లాడటమేమిటో రాసినవాళ్లకే తెలియాలి. ఖలీ, అంటే దలీప్ సింగ్ రాణా, 2007 జులైలో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. రెండు నెలలకే టైటిల్ పోయింది. తర్వాత్తర్వాత అతన్ని ముద్దుల కామెడీలోకి దించారు.

2017 మేలో రాండీ ఆర్టన్‌ను ఓడించి చాంపియన్ అయిన జిందర్ మహల్ పుట్టింది కెనడాలో. తలపాగా, పంజాబీ, అమెరికన్ల మీద నిష్ఠూరాలు... మళ్లీ పాత మూసే. డిసెంబర్‌లో ఢిల్లీలో షో పెట్టే సమయానికి టైటిల్ చేజారింది. అక్కడ సొంత జనం ముందే ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు.

మిగతా చోట్ల మార్పు కొంత త్వరగానే వచ్చింది. మహిళా రెజ్లర్లకు నిమిషాల లెక్కన టైమిస్తున్నారని 2015లో అభిమానులు గొడవ చేశారు. మరుసటి ఏడాది వాళ్లను ‘దివా’ అనడం మానేశారు. 2019లో, ఏడాదికోసారి జరిగే పెద్ద షో రెజిల్‌మేనియాలో ఆఖరి పోటీ, అంటే అసలు పోటీ, ఆడవాళ్లదే. మొదట్లో జమైకావాడని చెప్పి దించిన కోఫీ కింగ్‌స్టన్ అదే రాత్రి ఘనాలో పుట్టినవాడిగా చాంపియనయ్యాడు. హర్యానాకు చెందిన కవితా దేవి 2017లో సల్వార్ కమీజ్‌తోనే రింగ్‌లోకి వెళ్లింది.

మనకు దక్కింది భాష. 2021లో సోనీ టెన్ 4 ఛానల్ మొదలయ్యాక తెలుగు కామెంటరీ వచ్చింది. 2023 సెప్టెంబర్ 8న షో ఏకంగా హైదరాబాద్ గచ్చిబౌలికే వచ్చింది, నెల్లూరు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే దూరానికి. ఆ రోజు భారతీయ జట్టు ఇండస్ షేర్‌ని పోటీలో దించారు. గెలిచింది కెనడా జోడీ కెవిన్ ఓవెన్స్, సామీ జేన్.