డెల్టా బురద పురుగుకి డెవాన్ పేరు ఎలా అంటుకుంది

కాకినాడ పక్క రొయ్య హ్యాచరీల్లో పనిచేసినవాళ్లని ఎవర్నడిగినా తెల్లారగట్ల వచ్చే థర్మాకోల్ బాక్స్ గురించి చెప్తారు. మూత తీస్తే బురద వాసన, లోపల ఎర్రగా మెలికలు తిరుగుతూ కేజీల లెక్కన పురుగులు, బిల్లు మీద ఒకటే మాట, ‘పాలీకీట్స్’. నేను తల్లి రొయ్యల్ని గుడ్లకి తెచ్చే మెచ్యురేషన్ సెక్షన్‌లో చేరిన కొత్తలో ఆ పురుగుల్ని ట్రేలో పోసి కడిగి రిజిస్టర్‌లో ‘మార్ఫైసా సాంగ్వినియా’ అని ఒకటే జాతి పేరు రాసేసేవాణ్ణి, ఎందుకంటే ముందు పేజీలో అలాగే ఉంది, దాని ముందు పేజీలోనూ అలాగే ఉంది. ట్రేలో చూస్తే మాత్రం కనీసం మూడు రకాలు తిరుగుతుండేవి. జువాలజీ చదివినోడికి ఇంటర్‌లో నీరిస్ బొమ్మ వేసిన గుర్తైనా ఉండాలి కదా, ఆ ట్రేలో నీరిస్ లాంటి వేరే పురుగులూ ఉండొచ్చని నాకు తట్టడానికే ఏడాది పట్టింది.

అసలు రొయ్యకి పురుగెందుకు అంటే, తల్లి రొయ్యలో గుడ్లు తయారవ్వాలంటే మామూలు పెల్లెట్ ఫీడ్ ఒక్కటే సరిపోదు. పాలీకీట్ పురుగుల్లో అరాకిడోనిక్ యాసిడ్ లాంటి కొవ్వు ఆమ్లాలు బాగా ఉంటాయి, గుడ్డు పెరగడానికి అవే కావాలి. 1980ల చివర్లో విశాఖ దగ్గర టాస్పార్క్ అనే రొయ్య హ్యాచరీ వచ్చిన రోజుల్లో సముద్రంలో పట్టిన టైగర్ బ్రూడర్లకి, అంటే టైగర్ జాతి తల్లి రొయ్యలకి, ఒక పక్క కంటికాడ కత్తిరించడం, స్క్విడ్ పెట్టడం, పురుగులు పెట్టడం, ఇదీ పద్ధతి. ఆ తర్వాత హ్యాచరీలు ఉప్పాడ, కోనపాపపేట వైపు వరసగా లేచాయి, వాటితో పాటే పురుగు తవ్వే పనీ లేచింది. అంతకుముందు గాలానికి ఎర కోసం నాలుగు తవ్వుకునే చోట ఇప్పుడు బుట్టలకి బుట్టలు. గౌతమి మొగల దగ్గర, కోరంగి మడ పక్క కాలవల్లో, పాటు వేళ నీళ్లు తీసేశాక బురద బయటపడితే మోకాల్లోతులో దిగి పలుగుతో పెళ్లగించడమే.

2009లో వనామీ రొయ్యకి పర్మిషన్ వచ్చాక కథ ఇంకాస్త విచిత్రంగా తయారైంది. ఏ జబ్బూ లేదని సర్టిఫికెట్ ఉన్న బ్రూడర్లని విమానంలో తెప్పించి, క్వారంటైన్‌లో ఉంచి, టెస్టులు చేసి, ట్యాంకులోకి దించాక వాటికి పెట్టేది ఏ కాలవలో తవ్వారో ఎవరూ అడగని పురుగు!

పేరు సంగతికొస్తే, అది రెండొందల ఏళ్ల పాత యవ్వారం. జార్జ్ మాంటేగూ అనే ఆయన ఇంగ్లండ్‌లో డెవాన్ తీరాన ఉండేవాడు, పక్షుల మీద రాసిన మనిషి, తీరంలో దొరికే గవ్వలు పురుగులు కూడా వదిలేవాడు కాదు. 1813లో ఆయన ఒక పురుగుకి నీరిస్ సాంగ్వినియా అని పేరు పెట్టాడు, లాటిన్‌లో నెత్తురు రంగుది అని. తర్వాత 1866లో ఫ్రాన్స్‌కి చెందిన కాత్రెఫాజ్ మార్ఫైసా అనే ప్రజాతిని ఏర్పాటు చేశాక ఆ పురుగు ఇందులోకి చేరింది. అక్కణ్ణుంచి మొదలైంది, ఎర్రటి మొప్పలతో తలమీద అయిదు మీసాలతో బురదలో పొడవాటి పురుగు ప్రపంచంలో ఎక్కడ దొరికినా సాంగ్వినియానే అనడం. జపాన్‌లో అదే, ఆస్ట్రేలియాలో అదే, మన దగ్గరా అదే.

మన తూర్పు తీరం పురుగుల్ని కుదురుగా కూర్చుని చూసిన మొదటివాళ్లలో రోలాండ్ సదర్న్ ఒకడు. అనాండేల్, కెంప్ కలిసి చిలికా సరస్సు సర్వే చేసి పోగేసిన పాలీకీట్లు ఆయన చేతికొచ్చాయి, 1921లో ఇండియన్ మ్యూజియం మెమాయిర్స్‌లో అచ్చేశాడు. అందులోనే మార్ఫైసా గ్రేవ్‌లీ అని కొత్త జాతి ఉంది, మ్యూజియంలో పనిచేసిన గ్రేవ్‌లీ పేరు మీద. అంటే ఉప్పు తక్కువ నీళ్లలో బతికే మన మార్ఫైసా వేరే జాతని చెప్పి వందేళ్లు దాటింది. కానీ కాలేజీల్లో, ల్యాబుల్లో తర్వాతి తరం చేతిలో ఉన్నది 1953లో వచ్చిన ఫోవెల్ పుస్తకం, ఫౌనా ఆఫ్ ఇండియా సిరీస్‌లోది. మహా పనికొచ్చే పుస్తకం, నేనూ దాంతోనే నేర్చుకున్నా, కాకపోతే ఫోవెల్‌ది ఒక నమ్మకం, ఒకే జాతి పురుగు సముద్రాలన్నిటిలో ఉండొచ్చు అని. యూరప్ పేర్లు మన పురుగులకి అలవాటైపోవడంలో ఆ పుస్తకం పాత్ర చిన్నది కాదు. ఒడ్డున గొట్టం కట్టుకుని గవ్వ ముక్కలు అంటించుకునే డయోపాట్రా పురుగు మీద మన దగ్గర నేపుల్స్ ఊరి పేరు నడిచింది కూడా ఇలాగే.

సరే, ట్రేలో ఉన్నది ఏదో ఎలా చెప్పాలి? ముందు తల చూడాలి, తోకని నమ్ముకుంటే అయిపోయినట్టే, ఎందుకంటే తవ్వేటప్పుడు సగం పురుగులు తెగిపోతాయి, తోక మళ్లీ మొలుస్తుంది, మొలిచిన చోట ఖండితాలు, అంటే ఒంటి రింగులు, చిన్నగా పాలిపోయి ఉంటాయి, కాబట్టి మొత్తం ఎన్ని ఖండితాలు అని లెక్కెట్టడం దండగ. తల ముందు ముక్కని ప్రోస్టోమియం అంటారు. దాని మీద రెండు పొట్టి యాంటెనాలు, పక్కన రెండు లావుపాటి పాల్ప్‌లు, నాలుగు కళ్లు, వెనక పక్కలకి జతలు జతలుగా సన్నటి మీసాలు ఉంటే అది నీరిడ్ కుటుంబం, నీరిస్ వాళ్లది. అదే తల ముందువైపు నొక్కినట్టు రెండు లోబ్‌లై, పైన అర్ధచంద్రంలా అయిదు మీసాలు, కళ్లు ఒక్క జత ఉంటే మార్ఫైసా. దాని అక్కచెల్లెలు యూనిసీకి కూడా ఇలాగే అయిదుంటాయి గానీ, తల వెనక రింగు మీద ఇంకో జత చిన్న మీసాలుంటాయి, మార్ఫైసాకి అవి ఉండవు. డయోపాట్రాకైతే మీసాల మొదళ్లు రింగులు రింగులుగా ఉంటాయి, మొప్పలు స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి, లెన్స్ కూడా అక్కర్లేదు.

తర్వాత నోరు. నీరిడ్‌ని నెమ్మదిగా మత్తులోకి పంపి ఫార్మలిన్‌లో వేస్తే గొంతు బయటికి తిరగబడుతుంది, చివర కొడవళ్లలా రెండు దవడలు, గొంతు చుట్టూ నల్లటి చుక్కల్లా పారగ్నాథ్‌లు. గొంతుని రోమన్ అంకెలతో ఎనిమిది ఏరియాలుగా విడగొట్టి ఏ ఏరియాలో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టాలి. ఆరో ఏరియాలో చుక్క బదులు అడ్డంగా పట్టీ ఉంటే పెరినీరిస్. గొంతు పూర్తి నున్నగా ఉండి కాళ్లలో పై కొమ్మ దాదాపు కనపడకపోతే నమాలికాస్టిస్, ఇది మడ వేళ్ల దగ్గర, తియ్యనీళ్ల వైపు ఎక్కువ. మార్ఫైసాది ఇంకో మోడల్, గొంతు అంత బయటికి రాదు, కింద రెండు మాండిబుల్స్, పైన పటకారులా ఒక జత, దాని వెనక పళ్లున్న పలకలు, ఎడమ పక్క ఒక పలక ఎక్కువ, కుడికి దాని జోడు ఉండదు. దవడ కోసి తీసి పళ్లు లెక్కపెట్టాలి, మొదట్లో నేను మూడు తలలు పాడుచేశా.

అసలు తేడా పట్టించేవి శూకాలు, అంటే బిరుసు వెంట్రుకలు, పాలీకీట్ అన్న పేరే ‘చాలా శూకాలు’ అని. ప్రతి ఖండితానికి రెండు పక్కలా పార్శ్వపాదాలు, వాటిలో గుచ్చినట్టు శూకాలు. మార్ఫైసాలో వెంట్రుకల్లాంటివి కొన్ని, కీలు ఉన్నవి కొన్ని, కింద కొక్కెంలా ఒకటి, మధ్యలో చిన్న దువ్వెనలు. ఆ దువ్వెనలే కీలకం. శరీరం ముందుభాగంలో ఎలాంటివి, మధ్యలో ఎలాంటివి, వెనక ఎలాంటివి, పళ్లు సన్నగా పొడుగ్గానా లావుగా పొట్టిగానా, ఇంకా మొప్ప ఎన్నో ఖండితం దగ్గర మొదలవుతోంది, ఒక మొప్పకి ఎన్ని తంతువులు, ఇవన్నీ కలిపి చూస్తేనే జాతి తేలుతుంది. పాత వివరణల్లో దువ్వెన గురించి ఒక్క లైన్ ఉంటే గొప్ప, అందుకే అన్నీ సాంగ్వినియా ఖాతాలో పడిపోయాయి.

భైరవపాలెం వైపు పురుగు తవ్వే ఒక పెద్దాయన్ని ఓసారి అడిగా, తాతా ఇవన్నీ ఒకటేనా అని. నవ్వి, ‘ఒకటెలా అవుద్ది బాబూ, ఇది చేతిలో జారుద్ది, అది కరుద్ది, ఆ ఎర్రది మాత్రం గుడ్డు బురదలోనే కడద్ది, జిగురుముద్దలా ఉంటదండి, మీరు చూడలేదా’ అన్నాడు. చూశా, నత్త గుడ్లేమో అనుకుని కాలితో నెట్టేశా. 1931లో గోపాల అయ్యర్ మద్రాసు మార్ఫైసా మీద రాసిన పేపర్ తర్వాత దొరికింది, జిగురు ముద్దలో గుడ్లు, అందులోనే పిల్ల పెరగడం అంతా బొమ్మలతో సహా ఉంది. నీరిడ్ చాలావరకు ఇలా కాదు, గుడ్ల టైముకి కళ్లు పెద్దవై కాళ్లు తెడ్లై హెటిరోనీరిస్‌గా మారి ఈదుకుంటూ పైకొచ్చి నీళ్లలో వదిలేస్తాయి. ఒకటి పిల్లల్ని అదే బురదలో పెడితే ఇంకోటి నీళ్లకి వదిలేస్తుంది, తవ్విన చోటు మళ్లీ నిండటం రెండిటికీ ఒకేలా ఎలా ఉంటుంది? రిజిస్టర్‌లో రెండూ ‘పాలీకీట్స్, ఇన్ని కేజీలు’ అని ఉంటే ఏ పురుగు తగ్గిపోతోందో ఎవడు చెప్తాడు.

ఇక జబ్బు సంగతి. తెల్లమచ్చ వైరస్ 1994-95లో వచ్చి డెల్టా చెరువుల్ని ఎలా ఊడ్చేసిందో ఇక్కడ ప్రతి ఇంటికీ గుర్తే. పురుగు ద్వారా కూడా అది తల్లి రొయ్యకి ఎక్కుతుందని 2005లో తమిళనాడు తీరం పురుగులతో చేసిన పనిలో తేలింది. సప్లయర్ల దగ్గర కొన్న మార్ఫైసా పురుగుల్లో సగానికి వైరస్ పాజిటివ్, వైరస్ పట్టిన పురుగుల్ని తిన్న టైగర్ బ్రూడర్లకీ వచ్చింది. పురుగుకి జబ్బేం చెయ్యదు, బురదతో పాటు మింగి మోసుకొస్తుందంతే. నాకు ఆ పేపర్‌లో నచ్చింది ఇంకోటుంది, వాళ్లు సాంగ్వినియా అని తేల్చేయకుండా మార్ఫైసా జాతులు అని ఆపారు.

ఈలోగా అసలు సాంగ్వినియా కూడా సర్దుకుంది. మాంటేగూ చూసిన అసలు నమూనా ఎక్కడా మిగల్లేదు, అందుకని 2003లో ఆస్ట్రేలియాకి చెందిన పాట్ హచింగ్స్, ఇంకొకరు కలిసి దక్షిణ ఇంగ్లండ్ నుంచి కొత్త ప్రామాణిక నమూనా ఎంచి, దాంతో పోల్చి చూసి, ఆస్ట్రేలియా పురుగు వేరే జాతని మార్ఫైసా ముల్లావా అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఒక్కో దేశం తమ సాంగ్వినియాని మళ్లీ తీసి చూసుకుంటుంటే కొత్త పేర్లు వస్తూనే ఉన్నాయి, ఫ్రాన్స్‌లో కూడా. మన దేశంలో నీరిడ్ పక్కన అలాంటి పని జరిగింది, కేరళ వైపు దొరికిన నమాలికాస్టిస్‌ని అటు శూకాలు ఇటు డీఎన్ఏ రెండూ చూసి 2012లో నమాలికాస్టిస్ జయ అని కొత్త జాతిగా రాశారు.

హ్యాచరీ మానేశాక కూడా సీసాలు పోగేసే అలవాటు పోలేదు. ఇప్పుడు పురుగుని ముందు మెంథాల్ నీళ్లలో మత్తుకి పెడతా, లేదంటే ముడుచుకుపోయి తల కనపడదు. తోక ముక్క ఒకటి ఆల్కహాల్‌లో విడిగా, ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ పాడవుద్ది కాబట్టి, మిగతాది ఫార్మలిన్‌లో. కాగితం మీద పెన్సిల్‌తో కాలవ పేరు, పోటో పాటో, నీటి ఉప్పు, మొప్ప మొదలైన ఖండితం నంబరు. పేరు రాసే గళ్లో మార్ఫైసా అని రాసి పక్కన ఖాళీ వదిలేస్తున్నా.